గవ్వెడు తీర్థం

తొలిజాము దాటింది. హేమకూట నగరం ఎండలో ధగధగలాడిపోతోంది. ఆ నగరానికి ఏడు ప్రాకారాలు, ఏడింటికీ ఏడు రంగుల రాళ్ళు. అన్నిటికన్నా బయటిది కాటుక నలుపు, అన్నిటికన్నా లోపలిది గంధం పసుపు. బురుజుల మీద ఇత్తడి గరుడపక్షులు రెక్కలు విప్పి నిలబడ్డాయి. కందకంలో తామరాకుల కింద మొసళ్ళు మసలుతున్నాయి. వీధుల్లో పన్నీటి కళ్ళాపి, మేడల మీద చిలకల పంజరాలు, గుమ్మాలకు ముత్యాల తోరణాలు. దూరంనుంచి చూసేవాళ్ళకు ఎవరో దేవకన్య స్నానానికి దిగుతూ ఒడ్డున విప్పి పెట్టిన నగల కుప్పలా కనబడేది.

ఇంత అందమైన ఊరి నడిబొడ్డున, కోట ముందరి మైదానంలో, ఒక నల్లరాతి దిమ్మె వేశారు. దిమ్మె మీద గొడ్డలి పెట్టారు. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మూడుసార్లు భేరి మోగుతుంది. మూడో భేరికి ఒక ముసలావిడ కుడిచెయ్యి ఆ దిమ్మె మీద పెట్టి నరకాలని ధవళసేన మహారాజు ఆజ్ఞ.

ఆ ముసలావిడ పేరు ఇప్పమ్మ. మబ్బుకొండ జనానికి పెద్ద. ఆమె చేసిన నేరం నీలికన్ను పువ్వును దాచడం.

ఆమె మనవరాలు తంగేడి అదే సమయంలో రాజకుమారుడి స్నానశాలలో పన్నీటి చెంబు పట్టుకుని నిలబడి ఉంది. చెవులకున్న వెదురు కమ్మలు కొండదాన్నని పట్టిస్తాయని తీసి నడుముకు దోపుకుంది. చంపక అని దొంగపేరు చెప్పి మూడు రోజుల కిందట పనిలో చేరింది. అసలే నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు. కొండమీద ఎవరైనా పేరు పెట్టి పిలిస్తేనే చెట్టుచాటుకు పోయేది. అలాంటిది ఒంటరిగా ఏడు ప్రాకారాలు దాటి పులి నోట్లోకి వచ్చింది.

ఎందుకు వచ్చిందంటే, కొండజనానికి ఏడాదికి ఒకే ఒక పండుగ. తొలకరి మబ్బు కొండకొన తాకిన రోజున, ఆ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు మబ్బులమ్మ గుడి ముందు కూర్చుంటారు. ఇప్పమ్మవ్వ నీలికన్ను పువ్వులు నూరి, వడగట్టి, గవ్వెడు తీర్థం పోస్తుంది. అది తాగినవాళ్ళకు పోయిన మనిషి ఒక్కసారి కనబడతాడు. చూస్తారు, చెప్పుకోవలసింది చెప్పుకుంటారు, సెలవు తీసుకుంటారు. అంతే. ఒక చావుకు ఒక గవ్వ. రెండో గవ్వ అడిగినవాడికి జన్మలో మళ్ళీ మొదటిది కూడా లేదు. ఇంకొకటి కూడా ఉంది. తీర్థం ఎవరూ ఒంటరిగా తాగకూడదు. పక్కన ఒక మనిషి పస్తుండి, తాగినవాళ్ళ ఎడమ మణికట్టు పట్టుకుని కూర్చోవాలి. ఆ మనిషిని చేదోడు అంటారు. తాగినవాళ్ళ కళ్ళలో నీలం పోయేదాకా చేదోడు చెయ్యి వదలకూడదు. ఇల్లు కాలుతున్నా సరే.

రెండేళ్ళ కిందట హేమకూటంలో నీలిపొడి అమ్మకానికి వచ్చింది. కుర్రవాళ్ళు ఎగబడ్డారు. వీధుల్లో నీలం కళ్ళతో పడి చచ్చిపోయారు. తల్లులు వచ్చి రాజుగారి పాదాల మీద పడ్డారు. ధవళసేనుడు చలించిపోయి శాసనం చేశాడు. ఆ పువ్వు ఎవరి దగ్గరున్నా, దేవుడి పేరు చెప్పినా సరే, చెయ్యి తీసెయ్యాలి. పట్టుకున్న పువ్వంతా కోటముందర అందరూ చూస్తుండగా తగలబెట్టాలి.

అవ్వ దగ్గర పట్టుకున్న పువ్వును తగలబెట్టిన రోజు తంగేడి ఆ జనంలో ఉంది. పొగ తిన్నగా పైకి పోయింది. నీలికన్ను పువ్వు కాలితే పొగ పైకి పోదు, పాములా నేలమీద పాకుతుంది. అక్కడ కాలింది వట్టి శంఖుపువ్వులు! మరి అసలు పువ్వులు ఎక్కడికి పోతున్నాయి? అది కనిపెడితే అవ్వ చెయ్యి దక్కుతుంది, పండుగ దక్కుతుంది. మూడు రోజులు ఇరవై గదులు వెదికింది. ఏమీ దొరకలేదు. ఇక మిగిలింది ఈ ఒక్క పూట.

"చంపకా, కొయ్యబొమ్మలా నిలబడకు. బాబుగారు వస్తున్నారు!" అంది స్నానశాల పెత్తనం చేసే మాణిక్యక్క.

ఉదయవర్ధనుడు లోపలికి వచ్చాడు. ఇరవయ్యేళ్ళవాడు, దీపం వత్తిలా సన్నబడిపోయాడు. దంతపు పీట మీద కూర్చుని, నడుముకున్న బంగారు భరిణె తీసి, చెంచాడు పొడి నోట్లో వేసుకున్నాడు. నీలం పొడి! పది గవ్వలకు సరిపోయే పొడి!

తంగేడి ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆ పని చేసేది కాదు. చెంబు ఖంగుమని కిందపడింది. ఆమె చెయ్యి పోయి రాజకుమారుడి ఎడమ మణికట్టు పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి అలవాటైన పని అది.

"ఏమే! పన్నీరు పొయ్యమంటే బాబుగారి చెయ్యి పట్టుకుంటావేమిటే! నీ మొహం మండ, వదులు!" మాణిక్యక్క కేకపెట్టింది.

"వదలకూడదక్కా. ఒంటరిగా పోతారు."

"ఎక్కడికి పోతారే? స్నానానికేగా వచ్చారు!"

రాజకుమారుడి కళ్ళలో తెలుపంతా నీలమైపోయింది. ఒళ్ళు విల్లులా వంగింది. "అమ్మా! అదిగో అమ్మ!" అంటూ గోడవైపు చెయ్యి చాచాడు. నాడి చిక్కకుండా పరుగెడుతోంది. తంగేడి బొటనవేలితో మణికట్టు నొక్కి, అవ్వ నేర్పినట్టు చెవి దగ్గర మెల్లగా మాట్లాడింది. "ఇక్కడున్నాను. చెయ్యి తెలుస్తోందా? ఈ చెయ్యి మీద కాలు పెట్టుకున్నట్టు నిలబడండి." నాడి కొంచెం కొంచెంగా దారికి వచ్చింది.

మాణిక్యక్క దగ్గరికి వచ్చి చూసింది. "రాణిగారు పోయినప్పటినుంచి రోజూ ఇంతేనే. ఇది దుఃఖానికి మందు అంటాడు రాజవైద్యుడు. ఈ బాబు గిలగిల కొట్టుకోకుండా ఉండటం ఇదే చూడటం..." అంటూనే ఉలిక్కిపడింది. "ఏయ్, నువ్వు మబ్బుకొండ దానివి కదూ?"

అంతలో మైదానంలో మొదటి భేరి మోగింది.

తంగేడి గుమ్మంవైపు తిరిగింది. అవ్వను దిమ్మె దగ్గరికి తెస్తున్నారన్న మాట. పరుగెత్తాలంటే ఈ చెయ్యి వదలాలి. వదిలితే ఈ మనిషి పోతాడు. అవ్వ చెయ్యి కోసం ఇంకొకరి ప్రాణం వదిలేస్తే, ఆ చేత్తో అవ్వ మళ్ళీ తనకు ముద్ద పెడుతుందా?

"అయితే మీరూ రండి," అని రాజకుమారుణ్ణి లేవదీసింది.

తలుపు భళ్ళున తెరుచుకుంది. కేక విని భటులు ఈటెలతో వచ్చిపడ్డారు.

"తలుపెందుకు?" అన్నాడు రాజకుమారుడు మత్తులో నవ్వుతూ. "వైద్యుడెప్పుడూ అద్దంలోంచి వస్తాడుగా."

తంగేడి నిలువెత్తు కంచు అద్దం మీద భుజం వేసి తోసింది. అద్దం తిరిగింది. వెనక మెట్లు!

మాణిక్యక్క ఆ మెట్లు చూసింది, నీలం కళ్ళ రాజకుమారుణ్ణి చూసింది. ఆమె మొహం కందగడ్డలా ఎర్రబడింది. "నా చేతుల మీద పెరిగిన బిడ్డకు దొంగదారిన వచ్చి విషం పెడుతున్నాడా వాడు! పోవే పిల్లా, పో. ఆ చెయ్యి వదిలావో నిన్ను చంపేస్తాను!" అని అరిచి నలుగునూనె కాగు ఒక్క తన్ను తన్నింది. పాలరాతి నేలంతా నూనె. ముందున్న భటుడు జారాడు, వాడి మీద రెండోవాడు, వాడి మీద మూడోవాడు. అద్దం మూసుకునేసరికి అవతలినుంచి మాణిక్యక్క గొంతు వినిపిస్తోంది. "లేవకండి నాయనా, పడుకోండి. ఇప్పుడు సున్నిపిండి కూడా చల్లుతాను!"

మెట్లు దిగి దిగి ఒక విశాలమైన నేలమాళిగలో తేలారు. గోడలకు నాగపడగల దివ్వెలు. స్తంభాలకు రాతి మొసళ్ళు చుట్టుకుని ఉన్నాయి. నాలుగు దిక్కులా గుట్టలు గుట్టలుగా నీలం! కోసిన పువ్వు, ఆరబెట్టిన పువ్వు, గోనెసంచులకు కుట్టిన పువ్వు. ఇరవై తిరగళ్ళు నీలం పూసుకుని వరసగా ఉన్నాయి. రెండేళ్ళుగా కాలిపోయిందనుకున్న మబ్బుకొండ పంట అంతా ఇక్కడే ఉంది.

"వచ్చావా, ఇప్పమ్మ మనవరాలా!"

స్తంభం వెనకనుంచి రాజవైద్యుడు ధూమకర్ణుడు వచ్చాడు. పట్టుశాలువా, చందనం బొట్టు, చెవులకు పొగరంగు రాళ్ళు. మాట్లాడినప్పుడల్లా ఆ చెవుల్లోంచి సన్నగా పొగ వస్తోంది. "అమ్మేది నేను, పట్టించేది నేను, తగలబెట్టించేది నేను. మీ కొండ మీద తప్ప పువ్వు దొరకదు. కొండమీదది శాసనం లాక్కొస్తుంది. ఇంత మంచి వ్యాపారం ఈ భూమి మీద ఎవడైనా చేశాడా చెప్పు?"

తంగేడి రాజకుమారుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ చెయ్యి వదిలిపెట్టు. వదిలితే నిన్ను పోనిస్తాను. మీ అవ్వను చూసుకోవచ్చు." ఆమె కదలకపోయేసరికి వాడు రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టి ఊదాడు. పొగ బుసబుసా కమ్ముకుంది. పొగలోంచి ఏడు పులులు లేచాయి. ఒక్కోటీ ఏనుగంత, ఒక్కో కోర కొడవలంత! గర్జనకు దివ్వెలు రెపరెపలాడాయి. తంగేడి వెనక్కి వెనక్కి అడుగులు వేసింది.

"ఎందుకు ఆగిపోయావు?" అన్నాడు రాజకుమారుడు.

"పులులు ప్రభూ! ఏడున్నాయి!"

"పులులా? ఎక్కడ?" ఆయన మెడ సాచి చూశాడు. "గోనెసంచులు కదూ అవి? నాకు పులులు కనబడటం లేదు. నేల కనబడటం లేదు! అయ్యో, కాలు పెట్టకు! ఇక్కడంతా అగాధం, అడుగున పాములు బుసకొడుతున్నాయి!"

తంగేడి కిందికి చూసింది. చదునైన నాపరాళ్ళు. చీమ కూడా లేదు.

అప్పుడామెకు అర్థమైంది. మాయవాడి పొగ మామూలు కళ్ళను మోసగిస్తుంది, పొడి నిండిన కళ్ళకు పట్టదు. పొడి చూపించేది ఆయనకు ఉంది, తనకు లేదు. ఆయనకు లేని పులులు తనకున్నాయి. తనకు లేని అగాధం ఆయనకుంది.

"ప్రభూ, నేను మీ అగాధం మీద నడుస్తాను. మీరు నా పులుల మధ్యనుంచి తీసుకుపోండి. సరేనా?"

"సరే. కానీ నేను పడిపోతే?"

"నా చెయ్యి ఉందిగా."

ఇద్దరూ ఒక్కసారి దూకారు. తంగేడి పులులవైపు చూడకుండా నేలనే చూసింది, రాజకుమారుడు నేల చూడకుండా ఎదురుగా చూశాడు. "కుడికి రా, ఇది సంచి!" అని ఆయన, "అడుగు వెయ్యండి, రాయే, రాయే!" అని ఆమె. పులి గోళ్ళు ఆమె మెడ మీదుగా చల్లటి ఆవిరిలా పోయాయి. పాముల బుస ఆయన పాదాల కింద అణగిపోయింది. ధూమకర్ణుడు "ఆగండి, ఆగండి!" అని పళ్ళు కొరుకుతూ వెంటపడ్డాడు. శాలువా తిరగలి పిడికి చిక్కుకుని వాడే బోర్లాపడ్డాడు. ఆ పడటంతో పొగ తెగింది, పులులు తోకలు లేకుండా సగం సగం గాలిలో కరిగిపోయాయి.

రెండో భేరి మోగింది. అది వాళ్ళ తలమీదే మోగినట్టు వినిపించింది.

తంగేడి పైకి చూసింది. నేలమాళిగ కప్పుకు ఒక చెక్కతలుపు, దాని కిందికి గిలకతాడు, తాడు చివర తొట్టి. చెక్కల సందుల్లోంచి బూడిద రాలుతోంది. రోజూ పువ్వు తగలబెట్టే గుంట అదే! పైన అందరూ చూస్తుండగా గుంటలో అసలు సంచులు వేస్తారు. అడుగు తెరుచుకుంటుంది, సంచులు కిందికి జారిపోతాయి. వాటి బదులు తొట్టిలో పైకి పంపిన శంఖుపువ్వులు మండుతాయి.

"ప్రభూ, ఒక సంచి భుజాన వేసుకోండి."

"రాజకుమారుణ్ణి నేను. సంచులు మొయ్యనా?"

"మొయ్యాలి ప్రభూ. నాకు ఖాళీగా ఉన్నది ఒక్క చెయ్యే."

ఆయన కిలకిల నవ్వి సంచి ఎత్తుకున్నాడు. ఇద్దరూ తొట్టిలో ఎక్కారు. తంగేడి ఎదురుబరువుకు కట్టిన ముడి పళ్ళతో లాగింది. ఎదురుబరువు కిందికి, తొట్టి పైకి! చెక్కతలుపు ఫెళ్ళున బద్దలైంది. మైదానంలో వేలాది జనం కెవ్వుమన్నారు. బూడిద మేఘంలోంచి ఇద్దరు మనుషులు నేలకు ఊడిపడ్డారు.

తలారి గొడ్డలి ఎత్తి ఉన్నాడు. దిమ్మె మీద ఇప్పమ్మవ్వ చెయ్యి ఉంది. మూడో భేరికి కర్ర లేచింది.

"ఆపండి!" అన్నాడు రాజకుమారుడు.

ధవళసేనుడు సింహాసనం మీదినుంచి ఒక్క అంగలో దిగివచ్చాడు. కొడుకు మొహం చేతుల్లోకి తీసుకున్నాడు. నీలం కళ్ళు! ఆ పక్కన కొండపిల్ల! రాజుగారి గొంతు ఉరిమింది. "నా బిడ్డకు మత్తు పెట్టారా! చెయ్యి కాదు, వీళ్ళ తలలు తియ్యండి!"

"నేను ముందే మనవి చేశాను ప్రభూ," అంటూ ధూమకర్ణుడు కోట గుమ్మంలోంచి ఏమీ ఎరగనట్టు వచ్చాడు. శాలువా సర్దుకున్నాడు గాని గడ్డానికి నీలం అంటుకునే ఉంది. "దేవత పేరు చెప్పి వీళ్ళు చేసేది ఇదే."

జనం రాళ్ళు ఏరుకుంటున్నారు. అవ్వ మనవరాలివైపు చూసి కళ్ళతో చెప్పింది: చెప్పుకో. తంగేడి జనంవైపు చూసింది. వేలాది కళ్ళు. పారిపోవడానికి ఒక్క చెట్టు లేదు. ఆమె వంగి, ఒంటిచేత్తో సంచిమూతి విప్పి, దిమ్మె పక్కన మండుతున్న కాగడాగుండంలో కుమ్మరించేసింది.

మంట నీలంగా లేచింది. పొగ లేవలేదు. గుండం అంచు దాటి నేలమీదికి జారి, పడగ దించిన పాములా మెలికలు తిరుగుతూ పాకింది. ముందు వరస వాళ్ళ పాదాల మధ్యనుంచి, తలారి కాళ్ళమీదుగా, సింహాసనం మెట్ల దాకా పోయింది. జనం ఎగిరి ఎగిరి తప్పుకున్నారు.

"ఇది మా పువ్వు," అంది తంగేడి. "రెండేళ్ళుగా మీరు చూసిన పొగ ఎటు పోయింది?"

"పైకి!" అన్నారెవరో. "పైకే పోయింది! నేను చూశాను!" "మేమూ చూశాం!"

"అయితే రెండేళ్ళుగా మా పువ్వు కాలలేదు. ఆ గుంటలోకి దిగి చూడండి. తిరగళ్ళు కూడా ఉన్నాయి."

దళపతి దిగాడు. పైకి వచ్చేసరికి మోచేతుల దాకా నీలమైపోయాడు. వాడు చెప్పక్కర్లేకపోయింది. సరిగ్గా అప్పుడే రాజకుమారుడి కళ్ళలో నీలం విడిపోయింది. ఆయన చుట్టూ చూసి, నిద్రలేచినవాడిలా తండ్రితో, "నాన్నగారూ, ఈ పొడి నాకిచ్చింది వైద్యుడు. అమ్మను చూపిస్తానన్నాడు. రోజూ చూపించాడు. ఈ అమ్మాయి చెయ్యి పట్టుకోకపోతే ఈరోజు నేనూ అమ్మ దగ్గరికే పోయేవాణ్ణి," అన్నాడు.

ఇక తంగేడి చెయ్యి వదలవచ్చు. వదలబోతే వేళ్ళు రాలేదు. కొయ్యబారిపోయాయి. రాజకుమారుడే ఒక్కో వేలూ విప్పాడు.

ధూమకర్ణుడు ఇక దాగలేదు. చెవుల్లోంచి సుడిగాలిలా పొగ చిమ్ముకుని, ఇంటి కప్పంత రెక్కలున్న రాబందు అయిపోయాడు. "ఉంచుకోండి మీ సంచులు! కొండమీద మొక్కలన్నీ వేళ్ళతో పెకలించి నా చోటికి పట్టుకుపోతాను!" అని కూస్తూ పడమటికి ఎగిరిపోయాడు. బాణాలు వాడి ఈకలకు కూడా తగల్లేదు.

తలారి గొడ్డలి దించాడు. అయినా రాజుగారు సంకెళ్ళు తీయమనలేదు.

"దొంగ తేలాడు. శాసనం మాత్రం ఇంకా ఉంది," అన్నాడు. "ఇప్పమ్మా, పువ్వు నీదే కదా? దానితోనే కదా పిల్లలు చచ్చారు?"

"పువ్వు మాదే ప్రభూ. తప్పులో నాకూ వాటా ఉంది," అంది అవ్వ. "వాడు మూడేళ్ళ కిందట మా కొండకు వచ్చాడు. తమ్ముడు పోయాడన్నాడు, తోడెవరూ లేరన్నాడు. తోడు లేదన్నవాణ్ణి వెనక్కి పంపకూడదని మా పద్ధతి. నేనే చేదోడు కూర్చున్నాను. నేను పువ్వు కోసే చోటు చూసి పోయాడు."

"చూశావా! మీ మంచితనమే మా వీధుల్లోకి చావు తెచ్చింది. మీ దేవత పేరు చెప్పారని మిమ్మల్ని వదిలేస్తే, రేపు ప్రతి తాగుబోతూ ఒక రాయి పాతి, బొట్టుపెట్టి, ఇది నా దేవుడంటాడు. అప్పుడు నేనేం చెయ్యాలి?"

అవ్వ నోరు తెరిచేలోపే తంగేడి అంది. "ఎంత తాగాలో నీ దేవుడు చెప్పాడా అని అడగండి ప్రభూ. మా మబ్బులమ్మ తల్లి చెప్పింది. గవ్వెడు. వద్దు అనడం తెలియని దేవుడైతే అది ఆ తాగుబోతు మొహమే, బొట్టు పెట్టుకుని కూర్చుంది."

మైదానమంతా గొల్లున నవ్వింది. రాజుగారి మీసం కూడా కదిలింది. తంగేడి సిగ్గుతో అవ్వ వెనక్కి పోయింది.

అప్పుడు జనంలోంచి ఒక ఆడమనిషి ముందుకు వచ్చింది. కుమ్మరి మల్లసాని. చేతులకు మన్ను ఆరలేదు. "నవ్వకండి. నా కొడుకు శోభనాద్రి ఈ పొడితో చచ్చాడు. పదిహేడేళ్ళు. వాళ్ళకెందుకివ్వాలి ఈ పువ్వు? గవ్వెడైతే మాత్రం విషం కాదా?"

అవ్వ సంకెళ్ళతోనే ఆమె దగ్గరికి నడిచింది. "విషమేనమ్మా. గవ్వ దాటితే విషమే. అందుకే మేం దాని పక్కన మనిషిని కూర్చోబెడతాం. నీ బిడ్డ పక్కన ఎవరూ లేరు. ఆ చూపు ఒక్కసారి చూసి సెలవు తీసుకోవడానికి ఇచ్చింది మా తల్లి, రోజూ చూడటానికి కాదు. కావాలంటే ఈ ఏడు కొండకు రా. నీ చెయ్యి నేను పట్టుకుంటాను."

"నేను రాను. ఆ పువ్వు నా పెదవి తాకనివ్వను."

"వద్దులే తల్లీ. నిన్ను తాగమనే హక్కు నాకు లేదు."

రాజు ఇద్దరినీ చూశాడు. తర్వాత లేఖకుణ్ణి పిలిచాడు. రాగిరేకు తెప్పించాడు.

"రాయి. నీలిపొడి అమ్మినవాడికీ కొన్నవాడికీ నా పాత శాసనమే. మబ్బుకొండ జనం మాత్రం ఏడాదికొకనాడు, తమ గుడి ముందు, తమ పద్ధతిన తీర్థం తీసుకోవచ్చు. వాళ్ళ పూజకు నా భటులు అడ్డం రారు. తలకొక్క గవ్వ. పెళ్ళీడు రాని పిల్లలకు లేదు. పువ్వు గాని, ఆకు గాని, కొండ దిగకూడదు. దిగిందా, ఈ రేకు నేనే కరిగిస్తాను. ఇక గవ్వలు లెక్కపెట్టడానికి నా తరఫున ఒక అధికారి..." రాజు చుట్టూ చూశాడు. అధికారులందరూ తలపాగాలు సర్దుకున్నారు. "మల్లసాని."

"నేనా!"

"నీకంటే గట్టిగా లెక్కపెట్టేవాళ్ళు నా రాజ్యంలో లేరు."

"అలాగైతే ఒక్క మాట ప్రభూ," అంది అవ్వ. "ఊరికే నిలబడి లెక్కపెడితే ఒప్పుకోను. మా గుడి ముందు చూడటానికి వచ్చినవాళ్ళుండరు. పస్తుండి ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని కూర్చోవాలి. కూర్చుని లెక్కపెట్టుకోమనండి."

మల్లసాని తన మన్ను చేతులు చూసుకుంది. "తాగకుండా పట్టుకుంటే చాలా?"

"అదే కష్టమైన పని."

"అయితే వస్తాను," అంది మల్లసాని.

రాగిరేకు మీద రాజముద్ర పడింది. సంకెళ్ళు ఊడాయి. నగరమంతా హోరెత్తిపోయింది. మేడల మీదినుంచి పూలు కురిశాయి, బూరలు మోగాయి, ఇందాక రాళ్ళు ఏరుకున్నవాళ్ళే అవ్వను భుజాల మీదికెత్తుకున్నారు. అవ్వ తన కుడిచేత్తో చేసిన మొదటి పని మనవరాలి బుగ్గ గిల్లడం. "మూడు రోజులైంది, అన్నం తిన్నావటే?"

"తొందర పడండి!" అన్నాడు దళపతి బురుజు మీదినుంచి. "పడమట తొలకరి మబ్బు లేచింది! రాబందు దానికంటే ముందు పోతోంది!"

నాలుగు తెల్లగుర్రాల రథం వచ్చింది. రాజకుమారుడు వణుకుతున్న కాళ్ళతోనే ఎక్కాడు. రాజు ఆపలేదు. "తీసుకుపోండి. ఈ కోటలో ఆ వైద్యుడు ఏ మూల ఎంత పొడి దాచాడో తెలియదు. ఇక్కడ వీడు బాగుపడడు. సేన మీ వెనకే వస్తుంది." అవ్వ ఎక్కింది. మల్లసాని చీర దోపుకుని ఎక్కింది. పగ్గాలు రాజకుమారుడి వేళ్ళలో నిలవడం లేదు. తంగేడి అందుకుంది.

ఏడు ప్రాకారాలూ ఏడు రంగుల గీతలైపోయాయి. జొన్నచేలు పోయాయి, తాటితోపులు పోయాయి. పొద్దు వాలేసరికి శంఖిణీనది హోరు వినిపించింది. అవతలి ఒడ్డున మబ్బుకొండ! కొనకు జానెడు దూరంలో నల్లటి మబ్బు! నది మీద కర్రవంతెన ఒక్కటే దారి. రథం వంతెనెక్కింది.

ఆకాశంనుంచి రాబందు రాయిలా పడింది. ముక్కుతో, గోళ్ళతో వంతెన నడుము విరిచేసింది. దూలాలు సుడుల్లోకి పోయాయి. ఎదురుగా పది బారల ఖాళీ, కింద నురగలు కక్కే నీళ్ళు!

"ఆపితే గుర్రాలు జారతాయి!" రాజకుమారుడు అరిచాడు. "ఆపకు! పగ్గాలు వదులుగా వదిలి, పేర్లు పెట్టి పిలువు! వాటికి అదే అలవాటు!"

"పేర్లేమిటి?"

"స్వాతి, చిత్ర, హస్త, మూల!"

"ఓరి నాయనో!" అంది మల్లసాని, అవ్వ నడుము వాటేసుకుని.

"అరవనీ దాన్ని, నువ్వు పిలువు!" అంది అవ్వ.

చెట్టుచాటు పిల్ల తంగేడి రథం మీద నిలబడింది. నది హోరును మించిపోయే గొంతుతో పిలిచింది. "స్వాతీ! చిత్రా! హస్తా! మూలా!"

కొండంతా ఆ పిలుపు మారుమోగింది. నాలుగు గుర్రాలూ చెవులు నిక్కించాయి, పదహారు గిట్టలూ ఒక్కసారి వంతెనను వదిలాయి. రథం గాలిలోకి లేచింది, రాబందు రెక్కకు ఎదురుగా.